చోటు మారుతూ బతికేవాళ్లకి కుండలెందుకు?

ప్రశ్న:
అమెరికా ఈశాన్యాన న్యూయార్క్ రాష్ట్రం నుంచి మెయిన్ రాష్ట్రం దాకా దొరికే వినెట్ 1 రకం కుండపెంకుల ఫొటోలు చూస్తున్నాను. దాదాపు 3000 ఏళ్ల నాటివి. లోపలా బయటా తాడు అచ్చులే. అప్పటికి అక్కడ మొక్కజొన్న సాగు లేదు, పెద్ద ఊళ్లూ లేవు. తిరిగే జనం ఇవెలా మోశారండీ?

జవాబు 1:
మోశారని ఎందుకనుకోవాలి? ఏటా అదే చేపల రేవుకి వచ్చేవాళ్లు కుండని అక్కడే వదిలి వెళ్లొచ్చు. అంతకుముందు నుంచీ ఉన్న, మెత్తటి సబ్బురాతిని తొలిచి చేసిన గిన్నెలు ఇంకా బరువు, పైగా ఆ రాయి అన్నిచోట్లా దొరకదు. ఇక ఆ అచ్చులు, నా లెక్కలో, సోకు కోసం కాదు. తాడు చుట్టిన చెక్కతో కొడితే, కుండ కట్టడానికి ఒకదాని మీద ఒకటి పేర్చిన మట్టి చుట్టలు బాగా అతుక్కుంటాయి. పెంకుల్లో ఇంకిన కొవ్వుని పరీక్షిస్తే చాలావాటిలో నీటి జీవుల ఆనవాళ్లు తేలాయి. చేపనూనె కాచేవారని ఒక వాదన. నేను దాన్నే నమ్ముతాను.

జవాబు 2:
పెంకులున్నంత మాత్రాన అది ఊరు కాదు, ఇళ్ల గుంజలు పాతిన గుంతల మచ్చలు నేలలో ఉన్నాయా అని చూడాలి. చాలా తర్వాతి ఇరొక్వోయన్ అనే స్థానిక జనాల పొడుగిళ్ల ఊళ్లు కూడా నేల సారం, వంటచెరకు తరిగాక కొన్ని దశాబ్దాలకి చోటు మారేవి. కెనడాలోని ఒంటారియోలో బయటపడ్డ అలాంటి ఊరు మాంటిల్‌ని, దొరికిన వస్తువుల తీరు చూసి, 1500–1530 నాటిదనేవారు. 2018లో కొత్త రేడియోకార్బన్ లెక్కలు (పాత జీవపదార్థంలో మిగిలిన కార్బన్‌ని బట్టి వయసు కట్టేవి) దాన్ని 1600 దరిదాపులకి జరిపాయి. అందుకే శైలి చూసి చెప్పే తేదీలంటే నాకు అనుమానం.

ప్రశ్న అడిగినవారు:
రేవు మాట నచ్చింది. మరి చలికాలంలో ఎక్కడుండేవారు?

జవాబు 2:
లోపలి అడవుల్లో అనేవారు. మెయిన్ తీరంలో జనం తిని పారేసిన గుల్లల కుప్పల్లో చలికాలపు ఆనవాళ్లూ దొరికాక ఆ మాట అంత ధీమాగా అనడం లేదు.