కోనసీమకి కొత్తగా వచ్చినవాళ్ళు దారులు ఎలా నేర్చుకోవాలి? ఫోన్ చూసుకునా, మనుషుల్ని అడిగా?

అనంత_పిల్ల:
అందరికీ నమస్తే. మాది అనంతపురం దగ్గర, ఈ మధ్యే అమలాపురంలో బ్యాంకు ఉద్యోగంలో చేరినాను. ఆఫీసులో కూర్చునే పని కాదు, డ్వాక్రా సంఘాల లోన్ల కోసం స్కూటీ మీద ఊర్లు తిరగాల. మా దగ్గర ఏ ఊర్లో నిలబడినా ఏదో ఒక కొండ కనపడతాది, అది ఏ పక్కనుందో చూసుకుంటే మన ఇల్లు ఎటో తెలిసిపోతాది. ఇక్కడ కొండ లేదు గుట్ట లేదు, రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరితోటలు కమ్ముకుని ఉంటాయి, ఎండ ఏ పక్క నుంచి పడతాందో కూడా తెలీదు, ఒక వంతెన దాటితే ఇంకో వంతెన, చూస్తే అన్నీ ఒకటే మాదిరి. మా ఆఫీసులో సీనియర్ సార్ ఒకాయన ఏమంటాడంటే ఫోన్ బ్యాగులో పడెయ్యమ్మా, మ్యాప్ చూసుకుంటా తిరిగితే పదేళ్ళున్నా నీకు దారులు రావు, మనుషుల్ని అడుగుతా పో అని. నా రూమ్మేట్ ఆ మాటకి కోప్పడింది, ఒక్కతే తిరిగే ఆడపిల్లకి చెప్పే సలహానా అది అని. ఇద్దరూ నా మంచి కోరే చెప్పినారు. ఇక్కడి వాళ్ళు, బయట నుంచి వచ్చి అలవాటు పడినవాళ్ళు మీరేం చేసినారో చెప్పండి.

ఏటిగట్టు_బాబాయ్:
అమ్మా, మీ సీనియర్ గారు చెప్పింది నిజమేగానండి సగమే చెప్పేరు. మనిషినీ ఫోన్నీ తర్వాత చూద్దాం, ముందు నీళ్ళు తెలియాలి. ధవళేశ్వరం దగ్గర గోదారి రెండు పాయలైపోద్ది, తూర్పుకి గౌతమి, పడమరకి వశిష్ఠ, మధ్యలో ఉన్నదే మన సీమ. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ చీలి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మీరు అమలాపురంలో ఉన్నారు కాబట్టి తూర్పుకి వెళ్తే గౌతమి అడ్డం వస్తుంది, పడమరకి వెళ్తే వైనతేయ, అది దాటితే రాజోలు వైపు, ఇంకా పడమరకి పోతే వశిష్ఠ, దాని అవతల పాలకొల్లు నరసాపురం. దక్షిణాన సముద్రం. పైకి రావులపాలెం వెళ్ళినా రెండు పక్కలా ఏరే. ఎటు వెళ్ళినా నీళ్ళు ఆపుతాయి కాబట్టి దాటే చోట్లు తెలిస్తే సగం దారి తెలిసినట్టే. జొన్నాడ, సిద్ధాంతం, ఎదుర్లంక, బోడసకుర్రు, పి.గన్నవరం, దిండి. ముందు ఒక కాగితం మీద ఈ ఆరూ రాసుకోండి, ఏది ఏ పాయ మీదుందో పక్కన రాసుకోండి, ఊళ్ళ పేర్లు తర్వాత అవే వస్తాయి.

ఇంక కాలవలు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలవలే ఇప్పటికీ మన రోడ్లని నడిపిస్తున్నాయి, ఎందుకంటే గట్టు మీదే రోడ్డు పడింది. పంట కాలవ ఎప్పుడూ మెరక మీద నడుస్తుంది, అక్కడి నుంచి నీళ్ళు రెండు పక్కలా చేలల్లోకి దిగాలి కాబట్టి. మురుగు డ్రెయిన్ పల్లంలో ఉంటుంది. మీరు దారి తెలీక ఆగిపోతే బండి దిగి కాలవలోకి చూడండి, గుర్రపుడెక్క ఎటు కొట్టుకుపోతుందో అటు దిగువ, అంటే దాదాపుగా సముద్రం వైపు. దానికి ఎదురు వెళ్తే ఎగువ, ఊరికి, లాకులకి (కాలవ నీళ్ళు ఆపి వదిలే తలుపులకి), పెద్ద రోడ్డుకి చేరతారు. నేను ఇరిగేషన్లో కాలవలు చూసుకునే లస్కరుగా చేసి రిటైరయ్యేను, చీకట్లో గట్టు మీద తిరిగిన ఉద్యోగం, ఈ లెక్క మీదే తిరిగేను.

పార్సిల్_కుర్రోడు:
బాబాయ్ గారూ మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, గుర్రపుడెక్క చూసుకుంటూ వెళ్తే నా పార్సిళ్ళు సాయంత్రానికి అవ్వవండి. మాది విజయనగరం, రాజోలు సైడు డెలివరీ చేస్తాను. వచ్చిన కొత్తలో నేనూ అందర్నీ అడిగేవాడిని. ఏం చెప్పేవారంటే లాకుల దగ్గర దిగండి అంటారు, ఏ లాకులో చెప్పరు. రావిచెట్టు దగ్గర తిరగండి అంటారు, వెళ్ళి చూస్తే చెట్టుండదు, ఏంటని అడిగితే అది 96 తుఫానులో పడిపోయిందండి అంటారు. వాళ్ళకి ఆ చెట్టు ఇంకా అక్కడే ఉంది, నాకు లేదు కదండీ. ఎంత దూరం అంటే ఇక్కడేనండి అంటారు, ఆ ఇక్కడే నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. ఇది ఇక్కడి మనుషుల్ని తక్కువ చేసి చెప్పడం కాదు, ఎంత పనిలో ఉన్నా ఆగి చెప్తారు, కొందరు బండెక్కి ముందు దారి చూపిస్తారు కూడా. కానీ వాళ్ళు చెప్పేది పుట్టినప్పటి నుంచి తెలిసినోడికి అర్థమయ్యేలా ఉంటుంది. ఇంటివాళ్ళు వాట్సాప్‌లో లొకేషన్ పెడితే గేటు దాకా తీసుకెళ్తుంది. అక్కా మీరు ఇంటి దగ్గర వైఫై ఉన్నప్పుడే కోనసీమ మొత్తం మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, తోటల్లో నెట్ పోయినా జీపీఎస్ పనిచేస్తుంది, దానికి సిగ్నల్ శాటిలైట్ నుంచి వస్తుంది గానీ టవర్ నుంచి కాదు.

రేవు_పక్కిల్లు:
తమ్ముడూ గేటు దాకా తీసుకెళ్తుంది నిజమే, రేవు దాకా కూడా తీసుకెళ్తుంది, అక్కడే వస్తుంది అసలు చిక్కు. మా ఇల్లు సఖినేటిపల్లి రేవు దగ్గరే. హైదరాబాద్ నుంచి అంతర్వేది వచ్చే కార్లు నరసాపురం వైపు నుంచి రాత్రిపూట రేవులోకి దిగిపోతాయి, ఫోన్లో గీత ఏటి మీద నుంచి నేరుగా ఇవతలికి ఉంటుంది మరి. అది పంటు గీత, పంటంటే బండ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే పెద్ద పడవ. రాత్రి పంటు లేదు. పిల్లలు నిద్రలో, పెద్దావిడ వెనక సీట్లో, అవతల ఒడ్డున మా లైట్లు కనపడుతూనే ఉంటాయి, వాళ్ళేమో వెనక్కి తిరిగి పాలకొల్లు వెళ్ళి చించినాడ వంతెనెక్కి దిండిలో దిగి మలికిపురం మీదుగా రావాలి. పాలకొల్లులో టీ కొట్టు దగ్గర ఒక్క మాట అడిగుంటే ఈ తిప్పలు ఉండేవి కావు. కోటిపల్లి ముక్తేశ్వరం మధ్య కూడా ఇంతే, పంటు ఉంటే పది నిమిషాల దారి, లేకపోతే రావులపాలెమో ఎదుర్లంకో తిరగాలి. ఎదుర్లంక వారధి రాకముందు మావాళ్ళు కాకినాడ వెళ్ళాలంటే పంటు టైము చూసుకునే ఇంట్లోంచి బయల్దేరేవారు. ఆ అలవాటున్నవాళ్ళకి ఫోన్లో గీత చూడగానే అనుమానం వస్తుంది, కొత్తవాళ్ళకి రాదు.

డ్యూటీ_బ్యాగు:
అందరూ అడగండి అడగండి అంటున్నారు, అడగడం అందరికీ ఒకేలా ఉంటుందా అని నేను అడుగుతున్నాను. నేను ఏఎన్ఎం, పక్క జిల్లా నుంచి బదిలీ మీద వచ్చాను. ఫలానా ఇల్లెక్కడండీ అంటే దారి చెప్పే ముందు మూడు ప్రశ్నలు వస్తాయి, ఎవరమ్మాయివి, ఏ ఊరు, మీ ఇంటిపేరేంటి. మూడోది ఎందుకో ఇక్కడ అందరికీ తెలుసు. పేట పేరు చెప్పగానే చూపు మారిపోతుంది. దారి చెప్తారు, చెప్పకుండా ఉండరు, కానీ వాకిట్లో నిలబెట్టి చెప్తారు, ఇంకో ఆవిడకి అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి చెప్తారు. ఎండలో సూదుల బాక్సు పట్టుకుని నిలబడినదానికి ఆ తేడా బాగా తెలుస్తుంది. ఇంకొకటి, ఒక్కదాన్నే వచ్చాను, దారి తెలీదు అని ముక్కూ మొహం తెలీని మగవాళ్ళ గుంపుకి నా నోటితో నేనే చెప్పుకోవాలా? ఫోన్ నన్ను ఇంటిపేరు అడగదు. నాకు అది చిన్న విషయం కాదు. కొత్తగా వచ్చిన ఆడపిల్లకి ఫోన్ పడెయ్యమని చెప్పే సీనియర్ గారు ఇది ఒక్కసారి ఆలోచించాలి.

ఏటిగట్టు_బాబాయ్:
అమ్మా మీరు రాసింది నిజం. నేనూ గట్టు మీద పుట్టినవాణ్ణే, ఆ మూడో ప్రశ్న సంగతి నాకు తెలీదనను. ఆ ప్రశ్న అడిగేవాడిదే తప్పు, దాన్నుంచి తప్పుకునేవాళ్ళది కాదు.

అయినా ఒక్క మాట చెప్పనివ్వండి. మనిషి ఇల్లు అడిగితే ఆ ప్రశ్నలన్నీ వస్తాయి, అదే ఆఫీసు అడిగితే రావు. సచివాలయం ఎక్కడండీ, హైస్కూలు ఎక్కడండీ, అంగన్‌వాడీ ఎక్కడండీ అనండి, ఎందుకు ఏమిటి అనకుండా చెయ్యెత్తి చూపిస్తారు. అక్కడికి వెళ్ళాక అంగన్‌వాడీ టీచర్నో ఆశా వర్కర్నో అడిగితే ఊళ్ళో ప్రతి గడపా చెప్తారు, ఆడవాళ్ళే ఉంటారు, డ్వాక్రా పని మీద వచ్చే అమ్మాయికి వాళ్ళతో ఎలాగూ పరిచయం కావాలి. ఇంకోటి, మొదట్లో సెలవు రోజున ఆర్టీసీ పల్లెవెలుగు ఎక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి అదే బస్సులో తిరిగి రండి. కిటికీ పక్కన కూర్చుంటే ఏ వంతెన తర్వాత ఏ ఊరో కళ్ళకి అలవాటైపోద్ది, ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

డ్యూటీ_బ్యాగు:
బస్సు సలహా బాగుంది బాబాయ్ గారూ, అంగన్‌వాడీ మాట కూడా ఒప్పుకుంటాను, నేనూ అలాగే చేస్తున్నాను. కానీ రాత్రి తొమ్మిదింటికి పురుటి నొప్పులని ఫోనొస్తే అంగన్‌వాడీ తెరిచి ఉండదు. అప్పుడు నాకు పిన్ను కావాలి. అందుకే నేను వెళ్ళిన ప్రతి గర్భిణి ఇంటికీ ఫోన్లో గుర్తు పెట్టుకుంటాను.

లంక_రైతు:
మీరందరూ వంతెనలున్న ఊళ్ళ సంగతి మాట్లాడుతున్నారు, ఏటి మధ్యలో ఉండే మా లంకల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. మాకు దారి నెలనెలా మారుతుందండి. వేసవిలో పాయ ఎండితే ఇసకలోంచి ట్రాక్టరు వస్తుంది, ఆ బాట మ్యాప్‌లో ఉండదు. జూలై వచ్చేసరికి అదే చోట నాటు పడవ తిరుగుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే వరదకి మొదటి హెచ్చరిక ఇస్తారు, అది టీవీలో చెప్పేసరికే మా కాజ్‌వేల మీదకి నీళ్ళు వచ్చేసుంటాయి ఒక్కోసారి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే చూడండి, ఏటా వరదకి మునుగుతుంది, ఫోన్లో మాత్రం రోడ్డు రోడ్డులాగే కనపడుతుంది. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ఎటు చూసినా ఏరే. నీళ్ళు కాజ్‌వే మీద మోకాలి లోతే ఉన్నట్టు కనపడతాయి, కానీ అంచు ఎక్కడో తెలీదు, అంచు దాటితే నిలువు లోతు. అక్కడ పుట్టినోడు కూడా కర్ర పట్టుకుని తడుముకుంటూ నడుస్తాడు, బండి మీద కొత్తవాళ్ళు దిగకూడదు. బ్యాంకమ్మాయి గారూ, వరద రోజుల్లో ఫోన్ని నమ్మొద్దు, బాబాయ్ గారి గుర్రపుడెక్కనీ నమ్మొద్దు, బయల్దేరే ముందు మా లంకలో ఎవరికైనా ఫోన్ చేసి నీళ్ళెక్కడున్నాయో కనుక్కోండి.

పార్సిల్_కుర్రోడు:
ఇది నేను ఒప్పుకుంటానండి, వరదలో మేమూ లంక పార్సిళ్ళు ఆపేస్తాం. గుర్రపుడెక్క విషయంలో ఇంకో మాట బాబాయ్ గారూ, సముద్రం దగ్గర ఊళ్ళల్లో పోటు వచ్చినప్పుడు ఏట్లో, డ్రెయిన్లలో నీళ్ళు వెనక్కి నడుస్తాయి, నేను ఓడలరేవు వైపు చూశాను. అప్పుడు దాన్ని బట్టి వెళ్తే ఎటో పోతారు. వేసవిలో కాలవలు కట్టేశాక అసలు నీళ్ళే కదలవు.

ఏటిగట్టు_బాబాయ్:
బాగా చూసేవు నాయనా. ఆ లెక్క పంట కాలవకే, లాకులకి పైనే, నీళ్ళు వదిలిన రోజుల్లోనే. ఏట్లోనూ డ్రెయిన్లోనూ చూడకూడదు, పోటూ పాటూ ఉంటాయి. పి.గన్నవరంలో ఇంకో తిరకాసుంది, అక్కడ కాలవ వైనతేయ మీద నుంచి అక్విడెక్టులో దాటుతుంది, డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టేరు దానికి. కింద ఏరు ఒక దిక్కుకి, పైన కాలవ ఇంకో దిక్కుకి. కొత్తవాళ్ళు అక్కడ ఒక అరగంట నిలబడి చూడాలంటాను, ఈ సీమ ఎలా కట్టేరో అక్కడ అర్థమైపోద్ది.

నువ్వు ఇప్పుడు పోటు గురించి రాసేవు చూడు, అది ఫోన్ చెప్పలేదు నీకు. నువ్వు తిరిగి చూసి తెలుసుకున్నావు. నేను అనేది కూడా అదే.

పార్సిల్_కుర్రోడు:
తిరిగాను కాబట్టి తెలిసింది, ఫోన్ ఉంది కాబట్టి ధైర్యంగా తిరిగాను. ఈ మాట దగ్గర మాత్రం నేను తగ్గనండి.

అనంత_పిల్ల:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆరు దాటే చోట్లూ రాసుకున్నాను, మ్యాప్ డౌన్‌లోడ్ పెట్టినాను, ఆదివారం పల్లెవెలుగు ఎక్కుతాను. డ్యూటీ_బ్యాగు అక్కా, మీరు రాసింది మా సీనియర్ సార్‌కి చదివి వినిపిస్తాను, ఆయనకి కోపం వచ్చినా సరే. నాకు ఒక్కటి తేలాల. వచ్చే వారం ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి దాటి ఒక మీటింగ్‌కి పోవాల, సాయంత్రం అయిదున్నరకి అయిపోతాది. మళ్ళీ పంటు మీదే రావొచ్చా?

రేవు_పక్కిల్లు:
వెళ్ళేటప్పుడే పంటు మీద టికెట్ కొట్టే మనిషిని ఆఖరి ట్రిప్పు ఎప్పుడో అడగండి, గాలినీ నీళ్ళనీ బట్టి ఆపేస్తూ ఉంటారు, నిన్నటి టైము ఇవాళ ఉండదు. అనుమానంగా చెప్తే మాత్రం పంటు మీద ఆశ పెట్టుకోకండి, తిరుగుదారికి యానాం మీదుగా ఎదుర్లంక వారధి ఎక్కేసి రండి.

డ్యూటీ_బ్యాగు:
మీటింగ్ నాలుగింటికల్లా ముగించమని ముందే చెప్పండి. చీకటి పడేలోపు ఇవతల ఒడ్డున ఉండేలా చూసుకోండి. నాకు మెసేజ్ పెట్టండి, ఆ రోజు నా డ్యూటీ ముక్తేశ్వరం దగ్గరే.