అప్‌డేట్: మెగ్నీషియం హైడ్రాక్సీఅపటైట్‌లో ఆ కొత్త పీక్ సంగతి తేలింది

మెగ్నీషియం కలిపిన హైడ్రాక్సీఅపటైట్ (ఎముకల్లోని ఖనిజం లాంటి కాల్షియం ఫాస్ఫేట్) పొడిని 900 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చాక, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) గ్రాఫులో 31 డిగ్రీల కోణం దగ్గర కొత్త పీక్ (శిఖరం) ఎందుకొస్తోందని అడిగాను కదా, అది వేరే స్ఫటిక రూపం (దశ) అయిన బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌ది. కాల్షియం అయాన్ వ్యాసార్ధం 1.00 ఆంగ్‌స్ట్రామ్ అయితే మెగ్నీషియానిది 0.72. అంత చిన్న అయాన్ అపటైట్ జాలకంలో (పరమాణువుల క్రమమైన అమరికలో) కాల్షియం స్థానంలో సరిగ్గా కుదురుకోదు. బాగా వేడెక్కితే తనకు నప్పే బీటా దశ ఏర్పడేలా చేసి, దాన్నే నిలబెడుతుంది. కాల్చకముందు పీకులు అంత వెడల్పుగా ఉండటానికీ మెగ్నీషియమే కారణం, స్ఫటికాలను పెరగనివ్వదు.

మీరు చెప్పినట్టే స్ట్రాన్షియంతోనూ చేశాను. దాని వ్యాసార్ధం 1.18. దశ మారలేదు, పీకులు కాస్త ఎడమకు జరిగాయి, అంటే జాలకం ఉబ్బింది. నా టెన్షన్ తీరింది. మా గైడ్‌కి మాత్రం మెగ్నీషియం శాంపిలే నచ్చింది! బీటా దశ ఒంట్లో త్వరగా కరుగుతుంది కాబట్టి ఎముక పూరకానికి రెండు దశలూ కలిసున్నా మంచిదేనట.