ఒకే ద్రాక్ష, మూడు ఊళ్ల వైన్: నాసిక్ సీసాని చివర్లో పెట్టడం న్యాయమేనా?

పటమట శ్రీను
పోయిన ఆదివారం మా మేడ మీద ఆరుగురం కూర్చున్నాం. మూడు సీసాలు, మూడూ షిరాజ్ ద్రాక్షే. ఒకటి ఫ్రాన్స్‌లో రోన్ నది పక్కన క్రోజ్ ఎర్మిటాజ్‌ది, ఒకటి ఆస్ట్రేలియా బరోసాది, ఒకటి మన నాసిక్‌ది. సీసాలకి న్యూస్ పేపరు చుట్టి నంబర్లు వేసి పోశాం. ఐదుగురు నాసిక్‌కి మూడో స్థానం ఇచ్చారు, నేనొక్కణ్ణే రెండోది ఇచ్చా. పేపర్లు విప్పాక ఒక పెద్దమనిషి "నాసిక్ అంటే ఉల్లిపాయలు, ద్రాక్ష సంగతి వాళ్లకెందుకు" అన్నారు. అందరూ ఒకటే నవ్వు. నేను నాసిక్‌లో పదకొండేళ్లు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేశా, ఆ తోటలు కళ్లారా చూసినవాణ్ణి. ఒక్క సీసా తాగి ఒక ఊరికి మార్కులు వేసేయొచ్చా? ఇదే నా ప్రశ్న.

గుంటూరు పొట్టోడు
అసలు వైన్ షాపులో వైన్ ఎలా దొరికింది అన్నా, అది చెప్పు ముందు. బోర్డు మీద వైన్స్ అనుంటుంది, లోపల అడిగితే బ్రాందీ చూపిస్తాడు.

బ్రాడీపేట రావు
ఆ పెద్దమనిషిని నేనే, పేరు రాయడానికి మొహమాటం ఎందుకు శ్రీనూ. ఇక విషయానికొస్తే, షిరాజ్ అంటే మిరియాల వాసన రావాలి. ఫ్రాన్స్ దాంట్లో గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే వచ్చింది. బరోసా దాంట్లో కొంచెం, దాని మీద నేరేడు పండు, చాక్లెట్. నాసిక్ దాంట్లో ఏమీ లేదు, ఉడికించిన ద్రాక్షరసంలా ఉంది. పేర్లు కనపడకుండా పేపరు చుట్టి చూశాం కాబట్టి పక్షపాతం అనడానికి కూడా లేదు. బరోసాలో 1843లో నాటిన తీగలు ఇప్పటికీ కాస్తున్నాయి. యూరప్‌లో తోటల్ని తినేసిన ఫిలోక్సెరా పురుగు దక్షిణ ఆస్ట్రేలియాలోకి రాలేదు కాబట్టి ఆ ముసలి తీగలు బతికి ఉన్నాయి. నాసిక్‌లో వైన్ తోటలు గట్టిగా వేయడం మొదలైందే తొంభైల చివర్లో. ముత్తాతనీ మనవణ్ణీ కుస్తీకి దింపి న్యాయం అడిగితే ఎలా? పైగా షిరాజ్ అనేది పర్షియా నగరం పేరు, ద్రాక్ష అక్కణ్ణుంచే వచ్చింది. అదీ దాని చరిత్ర.

లబ్బీపేట లక్ష్మి
రావు గారూ, పర్షియా కథ తప్పండి. 1998లో డీఎన్ఏ పరీక్ష చేసి తేల్చారు, దాని తల్లీ తండ్రీ ఇద్దరూ ఫ్రాన్స్ ద్రాక్షలే, దురేజా, మొందూజ్ బ్లాంష్. ఫ్రాన్స్ వాళ్లు సిరా అంటారు, ఆస్ట్రేలియా వాళ్లు షిరాజ్ అంటారు, అంతే తేడా. 1832లో జేమ్స్ బస్బీ అనే ఆయన యూరప్ నుంచి ఆస్ట్రేలియాకి తీసుకెళ్లిన తీగ ముక్కల్లో ఇదీ ఉంది.

బ్రాడీపేట రావు
పేరు షిరాజ్ అయినప్పుడు ఊరితో సంబంధం లేదంటే ఎలా నమ్మమంటారు? గుంటూరు మిర్చికి గుంటూరు పేరు ఊరికే వచ్చిందా?

లబ్బీపేట లక్ష్మి
బొంబాయి రవ్వ బొంబాయిలోనే పుట్టిందంటారా?

పటమట శ్రీను
పేరు సంగతి వదిలేయండి బాబూ. మిరియాల దగ్గరికి రండి. రావు గారూ, ఆ వాసన లేకపోతే షిరాజే కాదన్నట్టు మాట్లాడుతున్నారు. ఎండ తక్కువగా ఉండే చోట ఆ వాసన ఎక్కువ పుడుతుంది, ఎండ ముదిరిన చోట పండు రుచి పైకొస్తుంది. నాసిక్‌లో ఏడాదికి రెండు కత్తిరింపులు, ఏప్రిల్‌లో కొత్త కొమ్మల కోసం, వానలు పోయాక సెప్టెంబర్, అక్టోబర్‌లలో కాయ కోసం. కోత జనవరి నుంచి మార్చి దాకా. రోన్‌లో తీగ చలికాలమంతా నిద్రపోతుంది, కోత సెప్టెంబర్‌లో. మన తీగకి ఆ నిద్ర లేదు. రెండూ ఒకే వాసన రావాలనడం, పల్నాడులో పండిన వరి కోనసీమ బియ్యంలా ఉడకలేదని తిట్టడం లాంటిది.

ఇంకోటి. క్రోజ్ ఎర్మిటాజ్‌లో 15 శాతం దాకా తెల్ల ద్రాక్ష కలపొచ్చు, అదే రోన్‌లో కోట్ రోటీ వాళ్లు 20 శాతం దాకా వియొనియే అనే తెల్ల ద్రాక్ష కలుపుతారు, నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆస్ట్రేలియాలో 85 శాతం ఉంటే చాలు లేబుల్ మీద షిరాజ్ అని రాసుకోవచ్చు. ఒకే ద్రాక్ష, ఒకే ద్రాక్ష అంటున్నాం గానీ మన గ్లాసుల్లో ఒకే ద్రాక్ష ఉందని ఎవరు చెప్పారు?

భవానీపురం సుబ్బు
మా ఇంట్లో అందరికీ ఒకే బియ్యం, నాకు మాత్రం అన్నం మాడిందే వస్తుంది. దీనికి ఏ ప్రాంతం కారణమో చెప్పండి సార్.

లబ్బీపేట లక్ష్మి
ఆ మిరియాల వాసనకి కారణం రొటండోన్ అనే పదార్థం. మన మిరియాల్లో ఉండేదీ అదే. షిరాజ్‌లో ఉందని 2008లో ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ వాళ్లు బయటపెట్టారు. ఆ పరీక్షల్లోనే ఇంకో సంగతి తేలింది, దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియలేదు, పరీక్షలో అన్నిటికన్నా ఎక్కువ మోతాదు కలిపినా సరే. మీరు ఆరుగురు కూర్చున్నారు కదా, లెక్క ప్రకారం ఒకరికి అసలు తెలిసి ఉండదు. ఆ ఒక్కరూ శ్రీను గారే కావచ్చు!

పటమట శ్రీను
నాకు మిరియాల చారు వాసన వీధి చివరి నుంచే తెలుస్తుందండీ.

లబ్బీపేట లక్ష్మి
అందులో జీలకర్ర, ఇంగువ, వెల్లుల్లి కూడా ఉంటాయి కదండీ.

టిక్కీల మేస్త్రి
నేను వైన్ తాగను, మిర్చి యార్డులో ఇరవై రెండేళ్లు. ఒక మాట అడుగుతా. మా దగ్గర ఒకే రైతు, ఒకే పొలం, ఒకే 334 రకం మిర్చి. సగం టిక్కీలు, అంటే బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, సగం బయట షెడ్డులో ఉంచి చూడండి. నాలుగు నెలల తర్వాత బయట సరుకు రంగు దిగిపోద్ది, రేటు మారిపోద్ది. అందుకే మేం ఏసీ సరుకు, నాన్ ఏసీ సరుకు అని వేరే వేరేగా రాస్తాం. మీ మూడు సీసాలు ఎక్కణ్ణుంచి ఎట్టా వచ్చాయి?

పటమట శ్రీను
మేస్త్రీ, నీ కాళ్లకి దండం. నాసిక్ సీసా నేనే కొన్నా, బందర్ రోడ్డు మీద ఒక షాపులో. మే నెల, బయట ఎండ 45 దగ్గర. షాపు షట్టరు పడమర వైపు, సీసా ముందు వరసలో నిలబెట్టి ఉంది, మీద దుమ్ము. ఎన్నాళ్లనుంచి ఉందని అడిగితే కుర్రాడు "సార్, ఇది ఎవరూ అడగరు" అన్నాడు. ఫ్రాన్స్ సీసా మా బావమరిది పారిస్ డ్యూటీ ఫ్రీలో కొని చేతి బ్యాగులో తెచ్చాడు. బరోసాది రావు గారిది. అది ఎక్కడ పెట్టారో ఆయన్నే అడగండి.

బ్రాడీపేట రావు
మా అమ్మాయి అడిలైడ్ నుంచి తెచ్చింది. బీరువాలో, ఏసీ గదిలో, పడుకోబెట్టి ఉంచా. ఎనిమిది నెలలు. అయితే ఏంటి? సీసా మన చేతికి ఎలా వస్తే అదే వైన్. ఆస్ట్రేలియా వాడు మన ఇంటి దాకా పాడవకుండా పంపగలుగుతున్నాడు. పక్క రాష్ట్రం దాటి వచ్చేసరికి నాసిక్ వాడిది ఉడికిపోతే అది ఎవరి తప్పు? నేను తొమ్మిది వందలు పెట్టి కొంటే గ్లాసులో ఉన్నదాన్ని చూస్తా గానీ తోటలో ఎలా ఉందో ఊహించుకుని మార్కులు వేయను.

పటమట శ్రీను
ఆస్ట్రేలియా వాడు పంపలేదు సార్, మీ అమ్మాయి బట్టల మధ్య చుట్టి తెచ్చింది. అదే సీసా ఆ షాపు ముందు వరసలో మే నెలంతా నిలబడి ఉంటే అప్పుడు చెప్పండి బరోసా గొప్పతనం. మీకు వైన్ గురించి కాదు, ఫారిన్ అన్న మాట గురించే ఇష్టం. 14.5 శాతం ఆల్కహాల్, తాగితే దగ్గు మందు తాగినట్టు ఉంది. ఆ రోజే అన్నాను, ఇప్పుడూ అంటున్నా.

బ్రాడీపేట రావు
ఆ మాటే. ఆ మాట దగ్గరే నాకు కాలింది శ్రీనూ. ఎనిమిది నెలలు ఎవరికీ ఇవ్వకుండా దాచా, మంచి సందర్భం కోసం. మీ మేడ మీదికి తెస్తే స్టీలు గ్లాసులో పోశారు. పక్కన గోంగూర మటన్, దాని కారానికి నోరు మండుతుంటే వైన్ ఏం తెలుస్తుంది ఎవరికైనా? మొదటి గుక్కకే "దగ్గు మందు" అన్నావ్. అమ్మాయి ఎలా ఉంది అని కూడా ఎవరూ అడగలేదు. అప్పుడు అన్నా నేను ఉల్లిపాయల మాట. అంతకుముందు అనలేదు, కావాలంటే అక్కడున్న వాళ్లని అడుగు.

గుంటూరు పొట్టోడు
ఓహో. రొటండోన్ ఇక్కడుందన్నమాట.

పటమట శ్రీను
పొట్టోడా, నువ్వాగు.

రావు గారూ, ఉల్లిపాయల మాట తర్వాతే దగ్గు మందు అన్నానని నాకు గుర్తు. పోనీ, ముందే అన్నానేమో. స్టీలు గ్లాసుల సంగతి నిజమే, గాజువి నాలుగే ఉన్నాయి, బావమరిదికీ వాళ్లకీ ముందు ఇచ్చేశాం. కానీ నా మాట మీదే ఉన్నా. మీరు సీసాకి మార్కులు వేయండి, నాకు అభ్యంతరం లేదు. "ఈ సీసా పాడైంది" అనండి, ఒప్పుకుంటా. "నాసిక్ పనికిరాదు" అంటే ఒప్పుకోను.

బ్రాడీపేట రావు
కొనేవాడికి రెండూ ఒకటే. నేనూ నా మాట మీదే ఉన్నా.

టిక్కీల మేస్త్రి
సార్లూ, మా స్టోరేజీలో ఆఫీసు గదికి ఏసీ ఉంది. నాసిక్ సీసా ఎవరైనా అక్కణ్ణుంచే నేరుగా తెప్పిస్తే మూడూ అక్కడ పెట్టుకోండి. ఘాటుకి తుమ్ములు వస్తే నన్ను అనొద్దు.

లబ్బీపేట లక్ష్మి
మిర్చి ఘాటులో వైన్ వాసన చూస్తారా! మూడూ మా ఫ్రిజ్‌లో పెడతా, పోయడానికి ఓ గంట, గంటన్నర ముందు బయటికి తీద్దాం, 16, 17 డిగ్రీలకి వస్తుంది. పప్పుచారు, వడియాలు. కారం కూరలు వద్దు.

పటమట శ్రీను
నాసిక్‌లో మా పాత డ్రైవర్ ఉన్నాడు, వచ్చే వారం లోడుతో వస్తున్నాడు. రాత్రి ప్రయాణమే. రెండు సీసాలు క్యాబిన్‌లో పెట్టి తెమ్మంటా. ఆదివారం కుదురుతుందా సార్? అమ్మాయి ఎలా ఉంది?

బ్రాడీపేట రావు
బాగుంది. ఏడో నెల. ఆదివారం కుదరదు, శనివారం అయితే చూస్తా. గ్లాసు నాది నేను తెచ్చుకుంటా.