డచ్‌లో పొడవాటి పదాలను ఎక్కడ విరవాలి, ఎక్కడ ఒత్తాలి?

అందరికీ నమస్కారం. నేను నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉంటున్నాను. ఇన్‌బర్గరింగ్ పరీక్షకి (వలస వచ్చినవాళ్లు ఇక్కడి భాష, సమాజం గురించి రాసే పరీక్ష) డచ్ నేర్చుకుంటున్నాను. వ్యాకరణం ఎలాగో నెట్టుకొస్తున్నా కానీ, ఈ అతుకుల పదాలు చూస్తేనే టెన్షన్.

ఉదాహరణకి 'ఆర్బెయిడ్స్‌ఒన్‌ఖెస్ఖిక్ట్‌హెయిడ్స్‌ఫర్జేకరింగ్'. పని చేయలేని స్థితి వస్తే డబ్బిచ్చే బీమా. మొత్తం పది అక్షరాలు! బళ్లో సంధి విడదీసినట్టు ముక్కలు చేయగలను. కానీ చదివేటప్పుడు అన్నీ ఒకే బరువుతో, మన పద్యంలా సాగిపోతాయి. మా టీచర్‌కి అర్థమే కాదు. మొదటి 'ఆర్'ని గట్టిగా పలకమంటారు. సరే, మొదటి ముక్క మీదే ఒత్తు అనుకున్నాను. మరి మేయర్‌ని 'బుర్ఖెమేస్టర్' అంటూ 'మే' మీద, 'బూరెన్‌కోల్' అనే ఆకుకూరలో 'కోల్' మీద ఎందుకు ఒత్తుతారు? వీటికి ఏదైనా సూత్రం ఉందా, బట్టీ పట్టాల్సిందేనా?

విరవడంలోనూ తిప్పలే. రాత్రి భోజనం 'ఆవొంట్-ఏటెన్' కదా, నా నోరు మాత్రం హల్లుని తర్వాతి అచ్చుకి అంటించి 'ఆవొన్-డేటెన్' అనేస్తుంది. ఇంకోటి, మసాజ్ బల్లకి వాడే 'మస్సాజె-బెట్'ని తప్పుగా విరిచి 'మస్సా-ఖెబెట్' అని చదివాను. అంటే సామూహిక ప్రార్థన అట! క్లాసంతా నవ్వారు.

పై బీమా పదంలో మధ్య ముక్కల మీద చిన్న ఒత్తు ఎక్కడ పడుతుందో, ఊపిరి ఎక్కడ తీసుకోవచ్చో చెప్పగలరా? డచ్ బాగా వచ్చిన తెలుగువాళ్లెవరైనా ఎలా సాధన చేశారో చెబితే ఇంకా మేలు.