ఉద్దానం ఊళ్లలో సర్వేకి ఏ ల్యాప్‌టాప్, ఏ సిమ్?

పలాస కుర్రాడు:
అందరికీ నమస్కారం. మేం ఎనిమిది మంది వాలంటీర్లం, వచ్చే నెల కవిటి, సోంపేట, మందస మండలాల్లో ఇంటింటికీ తిరిగి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల వివరాలు రాసుకోవాలి. నాలుగు ల్యాప్‌టాప్‌లకి డబ్బులు పోగయ్యాయి, ఒక్కోదానికి 30,000 దాటకూడదు. మందస కొండల వైపు సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఏం కొనమంటారు?

సోంపేట మాస్టారు:
బాబూ, గడపగడపకీ ల్యాప్‌టాప్ మోస్తే ముందు మీ భుజాలు పోతాయి. మీ ఆండ్రాయిడ్ ఫోన్లలోనే ఓడీకే కలెక్ట్ అనే సర్వే యాప్ వేసుకోండి, సిగ్నల్ లేకపోయినా ఫారం నింపి దాచుకోవచ్చు, పలాస వచ్చాక పంపుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లు రెండు చాలు, సెకండ్ హ్యాండ్‌వైనా పర్లేదు గానీ 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, టైప్ సీ చార్జింగ్ ఉండాలి. ఎందుకంటే కరెంటు పోతే పవర్ బ్యాంకే దిక్కు (2018లో తిత్లీ తుఫాను చూసినవాళ్లకి వేరే చెప్పాలా!). 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు, కొంత వృథా పోయినా చిన్న ల్యాప్‌టాప్ ఒకసారి నిండుతుంది. 45 లేదా 65 వాట్ల పీడీ (ల్యాప్‌టాప్‌కి సరిపడే టైప్ సీ ఫాస్ట్ చార్జింగ్) అవుట్‌పుట్ ఉన్నదే కొనండి, మామూలుది పనికిరాదు.

కవిటి కొబ్బరితోట:
మాస్టారు చెప్పిందే కరెక్ట్. సిమ్ మాత్రం ఒకే కంపెనీది వద్దు, ఫోన్‌కి రెండు వేరువేరువి వేసి, ఒకరోజు బైక్ మీద తిరిగి ఏ ఊళ్లో ఏది పలుకుతుందో రాసుకోండి. హాట్‌స్పాట్ డబ్బా కొంటే 850, 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు పట్టేదే, 2300 కన్నా అవి దూరం అందుతాయి.

పలాస కుర్రాడు:
అయితే మిగిలిన డబ్బులు పవర్ బ్యాంకులకే. థాంక్స్ మాస్టారూ, ఆదివారం బైక్ తీస్తున్నాం.