‘డకోటా బండి’ విమానం పేరేనా?

కావలి నుంచి:
మా వైపు హారన్ తప్ప మిగతావన్నీ మోగే బస్సుని ‘డకోటా బండి’ అంటారు. స్కూటర్నీ అంటారు, మిక్సీనీ అంటారు. “ఆ డకోటా ఎక్కితే ఒంగోలు చేరేలోపు నడుములు పోతాయి” అని మా మేనమామ ఇప్పటికీ అంటుంటాడు. ఇది ‘డొక్కు’ నుంచి వచ్చిందా, లేక ఆ పేరుగల విమానం నుంచా? విమానందే అయితే, యుద్ధాల్లో పేరు తెచ్చుకున్నదాని పేరు మన దగ్గర తిట్టెందుకయింది? తెలిసినవాళ్లు చెప్పండి.

కందుకూరు నుంచి:
డొక్కు నుంచే అయ్యుంటుంది సామీ. డొక్కు బండి, డొక్కుటా బండి, డకోటా బండి. నోట్లో తిరిగి తిరిగి అలా అయింది.

నెల్లూరు నుంచి:
అన్నా, మీ మెట్లు బాగున్నాయి గానీ మధ్య మెట్టు, ఆ ‘డొక్కుటా’, ఎవరి నోటా వినలేదు. ‘డొ’ పోయి ‘డ’ రావాలి, ‘క్కు’ పోయి ‘కో’ రావాలి, చివర ఎక్కడిదో ఒక ‘టా’ తగలాలి. ఇన్ని మార్పులు ఒకే మాటలో జరగవు. పైగా తమిళులూ డొక్కు బండిని డకోటా అంటారు. విమానం పేరే. డొక్కుకి దగ్గరగా వినపడటం వల్ల మన నోట మరింత బాగా నిలిచుంటుంది, అంతవరకు ఒప్పుకుంటా.

ఇక తిట్టెందుకయిందనే సంగతి. అది చెప్పాలంటే ఆ విమానం చేసిన ఉద్యోగాలు చెప్పాలి. మొదట అది మిలిటరీ విమానమే కాదు. అమెరికాలో డగ్లస్ కంపెనీ ప్రయాణికుల కోసం చేసిన డీసీ-3. 1935 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరింది. అప్పుడు అందులో రైలు బెర్తుల్లాగా పక్కలుండేవి, రాత్రి పడుకుని పోవడానికి. రెండో ప్రపంచ యుద్ధం రాగానే నేల గట్టి చేసి, పెద్ద తలుపు పెట్టి సీ-47 అన్నారు. బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరు డకోటా. 28 మంది సైనికులో, ఒక జీపో పట్టేది. పదివేలకు పైగా తయారుచేశారు. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసింది, ఫ్రాన్స్‌లోని నార్మండీలో పారాచూట్ దళాన్ని దించింది.

మన దేశానికొస్తే, కశ్మీర్ యుద్ధంలో 1947 అక్టోబరు 27న ఢిల్లీ నుంచి సిక్కు రెజిమెంటు జవాన్లను శ్రీనగర్‌లో దించింది ఇవే. శత్రువు చుట్టుముట్టిన పూంఛ్‌కి మందుగుండు చేరవేశాయి. బాంబర్లు లేనిచోట తలుపులోంచి బాంబులు దొర్లించిన సందర్భాలూ ఉన్నాయి. 1948 మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ దీన్ని లేహ్‌లో దించాడు. పది వేల అడుగుల పైన, సింధు నది పక్కన ఇసుకలో చదును చేసిన రన్‌వే. దారిలో దాటాల్సిన కొండలు అంతకంటే ఎత్తు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు ఈ విమానానికి లేనే లేదు. తలుచుకుంటేనే టెన్షన్ వస్తుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం దక్షిణ ధ్రువం సంగతి. 1956 అక్టోబరు 31న అమెరికా నేవీ విమానం ఒకటి అక్కడ దిగింది. ధ్రువం మీద దిగిన మొదటి విమానం అదే, అదీ డకోటా జాతిదే. చలి మైనస్ 50 డిగ్రీలు. ఉన్న కాసేపటికే కింది స్కీలు, అంటే మంచు మీద జారే పట్టీలు, మంచుకు అతుక్కుపోయాయి. ఇంజన్లు ఎంత పెంచినా కదల్లేదు. పక్కలకు కట్టిన రాకెట్లు 15 ఉంటే అన్నీ వెలిగించాక గానీ పైకి లేవలేదు. తర్వాత వియత్నాంలో ఎడమ పక్క కిటికీల్లోంచి, తలుపులోంచి మూడు మరతుపాకులు పెట్టి, లక్ష్యం చుట్టూ గుండ్రంగా తిప్పుతూ కాల్చారు. పక్కలేసి పడుకోబెట్టిన విమానం చేతనే ఆ పనీ చేయించారు!

కావలి నుంచి:
ఇంత చేసినదాన్ని తిట్టడమేంది మరి? నా ప్రశ్న ఇంకా అట్లాగే ఉంది.

నెల్లూరు నుంచి:
వస్తున్నా. యుద్ధం అయిపోయాక మిగిలిన డకోటాలను చవగ్గా అమ్మేశారు. మన దేశంలో విమాన కంపెనీలు చాలావరకు వాటితోనే నడిచాయి, హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ సహా. 1949లో రాత్రి టపా విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి వచ్చి అర్ధరాత్రి నాగపూర్‌లో కలిసి, సంచులు మార్చుకుని వెనక్కి పోయేవి. ఆ పనిలోనూ డకోటాలుండేవి. పటం తీసి మద్రాసు నుంచి నాగపూర్‌కి గీత గీయండి, నెల్లూరు మీదుగా, కందుకూరు పక్కగా పోతుంది.

తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి వైకౌంట్ విమానాలొచ్చాయి, క్యారవెల్ జెట్లొచ్చాయి, 1970లో బోయింగ్ 737 జెట్ వచ్చింది. డకోటా మాత్రం చిన్న ఊళ్ల రూట్లలో మిగిలింది. నేలమీద నిలబడితే తోక కింద, ముక్కు పైన. సీటుకి పోవాలంటే ఎగువకి నడవాలి. ఇంజన్ మోత, వణుకు, మబ్బులు దాటి పైకి పోలేదు కాబట్టి కుదుపులు. లేహ్, పూంఛ్ కథలు సైన్యానికి తెలుసు. మామూలు ప్రయాణికుడికి తెలిసింది ఈ వణుకే, అదీ పక్కన జెట్ నిలబడి ఉండగా. తిట్టు అక్కడ పుట్టిందని నా ఊహ. మేలైన విమానం కాబట్టే అంతకాలం ఉంది, అంతకాలం ఉంది కాబట్టే మాట పడింది. అప్పటికి వాయుసేనలో ఇంకా పనిచేస్తూనే ఉంది, 1971 డిసెంబరు 11న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగాయిల్‌లో జవాన్లను దించిన విమానాల్లో ఇదీ ఒకటి.

ఒంగోలు నుంచి:
మరి 2024 మార్చిలో అద్దంకి దగ్గర హైవే మీద దిగిన ఏఎన్-32 అనే సైనిక రవాణా విమానం సంగతేంది? నాలుగు కిలోమీటర్ల రోడ్డుని రన్‌వేగా కట్టినచోట. అది కూడా 1984 నుంచి వాయుసేనలో ఉంది, ముసలిదే. దాని పేరు ఏ బస్సుకీ అంటలేదే?

నెల్లూరు నుంచి:
మంచి ప్రశ్న నా. మన సైన్యంలో డకోటాలు చేసిన పని తర్వాత అందుకున్నది అదే. కానీ దానికి టిక్కెట్టు కొని ఎక్కినవాడు లేడు. ‘ఏఎన్-32 బండి’ అని నోటికి పలకదు కూడా.

కందుకూరు నుంచి:
సరే, డొక్కు సంగతి వదిలేశా. ఒక్కటి మాత్రం రాసుకోండి. మా ఊళ్లో డకోటా అని బండినే అంటారు, మనిషిని అనరు. మనిషినీ అనే ఊరు ఉంటే ఊరి పేరుతో సహా ఇక్కడ రాయండి.