మెల్బోర్న్ సిటీ నడిచి చూడటానికి ఈ రూటు సరిపోతుందా?

డిసెంబర్ సెలవుల్లో అమ్మానాన్నలు, మూడేళ్ల పాపతో మెల్బోర్న్ వస్తున్నాం. ఒక రోజంతా సిటీ నడిచే చూద్దామని ఉంది. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టి హోసియర్ లేన్‌లో గోడల మీది బొమ్మలు, డెగ్రేవ్స్ స్ట్రీట్‌లో కాఫీ, 1870 నాటి రాయల్ ఆర్కేడ్, ఆ తర్వాత స్టేట్ లైబ్రరీ, చివర్లో క్వీన్ విక్టోరియా మార్కెట్ అనుకున్నాం. సోమ, బుధవారాల్లో మార్కెట్ మూసేస్తారు కాబట్టి గురువారం పెట్టుకున్నాం.

టెన్షన్ అంతా నాన్న మోకాళ్ల గురించే. "నేను నడుస్తాలే" అని బయల్దేరతారు, సగం దూరంలో ఎక్కడ అరుగు కనిపిస్తే అక్కడ కూర్చుండిపోతారు! సిటీ మధ్యలో ట్రామ్ ఉచితమే కదా, లైబ్రరీ దాకా స్వాన్‌స్టన్ స్ట్రీట్ ట్రామ్ ఎక్కేస్తే మేలా? పాత ట్రాములకు మెట్లుంటాయట, పాప స్ట్రోలర్‌తో ఎక్కడం కష్టమా?

సాయంత్రానికి యారా నది ఒడ్డున సౌత్‌బ్యాంక్ వైపు నడవాలా, బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్లాలా? పెద్దవాళ్లతో తిరిగినవాళ్లు ఎవరైనా చెప్పగలరా? అమ్మ గుడ్డు కూడా తినదు, దారిలో మంచి శాకాహార హోటల్ ఉంటే అదీ చెప్పండి.